లాయరమ్మను అడగండి: ఆ ఆర్డరు కాగితం మీద ఉందా?

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా కరోనా నాటివే. ఇన్నేళ్లు దాటినా ఆ రోజుల కేసులు, అద్దెలు, జీతాలు ఇంకా తెమల్లేదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. పేర్లు వేయడం లేదు, ఊళ్ల వరకే.

2020 ఏప్రిల్‌లో కేసులు ఎక్కువగా వచ్చిన జిల్లాల్లో మా కర్నూలు ముందు వరసలో ఉండేది. కోర్టులు మూతపడ్డాయి. నల్లకోటు బీరువాలో పెట్టేసి ఫోన్లోనే సలహాలు చెప్పిన రోజులవి. ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగింది ఒకటే: "మిమ్మల్ని ఆపినవాళ్లు ఏ కాగితం చూపించారు?" చాలామందికి ఆ మాట అడగొచ్చని కూడా తెలియదు. కింది జవాబులన్నిట్లో ఆ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది, విసుక్కోకండి.

లాయరమ్మ గారికి నమస్కారం. 2020 ఏప్రిల్‌లో మా ఇంటి ముందు బండి మీద ఇడ్లీ పార్సిళ్లు కట్టి ఇచ్చేదాన్ని. పొద్దున పూట పది మంది నిలబడ్డారని పోలీసులు వచ్చి నా మీద ఐపీసీ 188, 269 సెక్షన్ల కింద కేసు పెట్టారు. స్టేషన్‌లో సంతకం పెట్టించుకుని పంపేశారు. మరుసటేడు లోక్ అదాలత్‌కు రమ్మని కబురు వస్తే ఒంట్లో బాగాలేక పోలేదు. ఇప్పుడు మా అమ్మాయి కాన్పుకు అమెరికా వెళ్లాలి. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో కేసు ఉందని ఆగింది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక పాఠకురాలు, నంద్యాల జిల్లా

అమ్మా, ముందు నిద్రపోండి. మీది దొంగతనం కాదు, కొట్లాట కాదు. దారి ఉంది, కాకపోతే వరసగా నడవాలి.

మొదటి పని, కేసు ఇప్పుడు ఎక్కడుందో తెలుసుకోవడం. ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం, స్టేషన్ పేరు చీటీ మీద రాసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతికితే కేసు కోర్టుకు చేరిందో లేదో కనిపిస్తుంది. ఇంట్లో పిల్లలెవరైనా ఐదు నిమిషాల్లో చూసి పెడతారు. అప్పుడు మీది కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. వెతికేటప్పుడు జిల్లా పేరు దగ్గర తికమక పడొద్దు, రెండూ చూడండి.

కేసు కోర్టుకు చేరలేదనుకోండి. 188కి గానీ 269కి గానీ గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు. అలాంటి చిన్న నేరాల్లో ఏడాదిలోగా కోర్టుకు రావాలని పాత సీఆర్‌పీసీ, అంటే క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, 468వ సెక్షన్ చెబుతుంది. కరోనా కారణంగా సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువుల లెక్కలోంచి తీసేసింది. ఆ వెసులుబాటు పోలీసులకూ దక్కుతుందనే అనుకుందాం. అయినా 2023 మార్చి నాటికే ఆ ఏడాది తీరిపోయింది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉంది గానీ, అందుకు పోలీసులు సరైన కారణం చూపాలి.

ఇక ఛార్జిషీటు పడిందనుకోండి. లోక్ అదాలత్ కబురు వచ్చిందంటున్నారు కాబట్టి పడే ఉండొచ్చు. ఇక్కడే మీకు గట్టి పట్టు ఉంది. 188 అంటే ప్రభుత్వోద్యోగి ఇచ్చిన ఉత్తర్వును తెలిసి ధిక్కరించడం. ఆ నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ ఆయన పైఅధికారి గానీ స్వయంగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. సీఆర్‌పీసీ 195 చెప్పేది అదే. ఇది తప్పనిసరి అని 2010లో సి.మునియప్పన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎస్సై వేసిన ఛార్జిషీటు ఒక్కటే ఉంటే సరిపోదు. ఆ రోజు ఏ ఉత్తర్వు అమల్లో ఉంది, ఎవరు ఇచ్చారు, పార్సిళ్లకు మినహాయింపు ఉందా లేదా అన్నవి కాగితం మీద చూపించాల్సింది వాళ్లు, మీరు కాదు. 269 మాటకొస్తే, జబ్బు అంటించేంత అజాగ్రత్త అక్కడ జరిగిందని రుజువు కావాలి. మూతికి గుడ్డ కట్టుకుని పార్సిల్ అందించిన మనిషి మీద, జబ్బు ఉన్నట్టు ఏ పరీక్షా లేనప్పుడు, ఆ సెక్షన్ నిలబడటం కష్టం. ఈ కారణాలతోనే హైకోర్టులో కేసు కొట్టేయమని అడగొచ్చు.

లోక్ అదాలత్ గురించి ఒక మాట. "అయిదొందలు కట్టి బయటపడు" అని ఎవరైనా చెబితే అక్కడే సంతకం పెట్టకండి. నేరం ఒప్పుకుని జరిమానా కట్టడం కూడా శిక్ష పడినట్టే. దానివల్ల పాస్‌పోర్టు పూర్తిగా పోదు గానీ, వీసా ఫారంలో అరెస్టు, శిక్ష గురించి అడిగే చోట అవునని రాయాల్సి వస్తుంది. ముందు వకీలుకు కాగితాలు చూపించాకే నిర్ణయం తీసుకోండి.

పాస్‌పోర్టు చట్టం 6(2)(ఎఫ్) ప్రకారం పాస్‌పోర్టు ఆపడానికి కారణం కోర్టు ముందు పెండింగ్‌లో ఉన్న క్రిమినల్ కేసు. ఎఫ్‌ఐఆర్ మాత్రమే ఉండి కోర్టు ఇంకా విచారణకు తీసుకోకపోతే అది ఆ మాట కిందకు రాదు. ఆ సంగతి రాతలో పెట్టి పాస్‌పోర్టు ఆఫీసుకు అర్జీ ఇవ్వండి. కోర్టులో కేసు నడుస్తున్నా దారి మూసుకుపోదు. అదే కోర్టులో అనుమతి పిటిషన్ వేస్తే, ఆర్డరులో రాసినంత కాలానికి పాస్‌పోర్టు ఇవ్వాలని 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఉంది. కాన్పు తేదీ చూపించే డాక్టరు కాగితం జత చేయండి, మేజిస్ట్రేట్లు ఇలాంటివి అర్థం చేసుకుంటారు. ఫారంలో కేసు సంగతి మాత్రం దాచొద్దు. దాస్తే అది కొత్త కేసవుతుంది.

బండి గురించి మీరు రాయలేదు. స్టేషన్‌లోనే ఉండిపోయి ఉంటే దానికీ అదే కోర్టులో పిటిషన్ వేయొచ్చు.

నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. 2020లో ఒక నెల పింఛనులో కొంత వాయిదా వేశారు. తర్వాత ఇచ్చారు. రేపు ఇంకో రోగం వస్తే మళ్లీ ఆపగలరా? – అనంతపురం

మాస్టారూ, మీ ప్రశ్నకు జవాబు మీ రాష్ట్రం పేరుతోనే సుప్రీంకోర్టులో నమోదై ఉంది. 2020 మార్చి నెలాఖరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాలు, పింఛన్లు కొంత భాగం వాయిదా వేస్తూ జీవో ఇచ్చింది. రిటైరైన ఒక జిల్లా జడ్జి దాని మీద హైకోర్టుకు వెళ్లారు. చట్టం అనుమతి లేకుండా జీవోతో ఎవరి సొమ్మూ ఆపడానికి వీల్లేదని, అది రాజ్యాంగం 300ఏ అధికరణానికి విరుద్ధమని హైకోర్టు చెప్పింది. 12% వడ్డీతో ఇమ్మంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే 2021 ఫిబ్రవరిలో వడ్డీని 6%కు తగ్గించారు గానీ, జీతం, పింఛను హక్కు అన్న మాట అలాగే నిలిచింది.

పక్కనే తెలంగాణలోనూ జీతాలు వాయిదా వేశారు. ఏ చట్టం కింద అని హైకోర్టు అడిగాక ఆ ప్రభుత్వం 2020 జూన్‌లో ఆర్డినెన్స్ తెచ్చింది. విపత్తు, ఆరోగ్య అత్యవసర పరిస్థితుల్లో చెల్లింపుల్లో సగం దాకా వాయిదా వేసుకునే వీలు అందులో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. జీవోతో ఆపడం వేరు, చట్టం చేసి ఆపడం వేరు. రేపు మళ్లీ అలాంటి మాట వినిపిస్తే జీవో నంబరు కాదు, దాని మొదటి పేరాలో ఏ చట్టం, ఏ సెక్షన్ రాశారో చూడండి. అక్కడ చట్టం పేరే లేకపోతే మీ పింఛనర్ల సంఘం తరఫున మొదటి రోజే ఉత్తరం రాయండి.

అక్కా, స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తాను. లాక్‌డౌన్ నెల జీతం సగమే ఇచ్చారు. "పూర్తి జీతం ఇవ్వాలని కేంద్రం ఆర్డర్ ఉంది" అంటే, "అది రద్దయింది పో" అన్నారు. ఎవరిది నిజం? – గుంటూరు

తమ్ముడూ, ఇద్దరిదీ సగం సగం నిజమే. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద జీతాలు కోత లేకుండా ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. మే 18 నుంచి దాన్ని ఎత్తేసింది. నడుమ 50 రోజులు. ఆ రోజుల గురించి యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్తే, ఫికస్ పాక్స్ కేసులో జూన్ 12న కోర్టు, యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దు, కార్మికులతో మాట్లాడుకుని ఒప్పందానికి రండి అని చెప్పింది. అంటే మీ మిల్లు ఆ రోజు మిమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడి ఉండాల్సింది. జీతం స్లిప్పు, హాజరు కాగితం ఉంటే లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చి చూడండి.

మీ ఉత్తరం చివర్లో పన్నెండు గంటల షిఫ్టు గురించి రాశారు, అందులో మాత్రం ఏ సందేహమూ లేదు. కరోనా పేరు చెప్పి గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీల చట్టం నుంచి పని గంటలకు, డబుల్ ఓవర్‌టైమ్‌కు మినహాయింపు ఇస్తే సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న దాన్ని కొట్టేసింది. ఆ చట్టంలో 'పబ్లిక్ ఎమర్జెన్సీ' అంటే యుద్ధం, బయటి దాడి, లోపలి అల్లర్ల వల్ల దేశ భద్రతకు ముప్పు. రోగం వల్ల వచ్చిన నష్టాన్ని కార్మికుడి ఒంటి మీద వేయకూడదని ఆ తీర్పు సారం. నా సర్వీసులో నేను మళ్లీ మళ్లీ చదువుకున్న తీర్పుల్లో అదొకటి.

మాది సెల్‌ఫోన్ షాపు. లాక్‌డౌన్‌లో రెండు నెలలు షట్టర్ తీయలేదు. ఇప్పుడు షాపు ఖాళీ చేస్తుంటే ఓనరు గారు ఆ రెండు నెలల అద్దె అడ్వాన్సులో పట్టుకుంటానంటున్నారు. మూసింది ప్రభుత్వం కదా, నేనెందుకు కట్టాలి? – ఖమ్మం

మీ బాధ న్యాయమైనదే, కానీ చట్టం మీవైపు పూర్తిగా లేదు. మొహమాటం లేకుండా చెప్పడమే మంచిది.

ఎవరూ ఊహించని ఆటంకం వస్తే కాంట్రాక్టు రద్దవుతుందని కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ అంటుంది. అయితే చేతికి ఇచ్చేసిన అద్దె షాపుకు ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. ఆస్తి బదిలీ చట్టం 108 ప్రకారం అగ్ని, తుపాను, వరద లాంటివాటి వల్ల ఆస్తి నాశనమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా అద్దెదారు లీజు వదులుకోవచ్చు. రెండు నెలలు షట్టర్ మూసి ఉండటం శాశ్వతం కాదు. 2020 మేలో ఢిల్లీ హైకోర్టు ఖాన్ మార్కెట్‌లోని ఒక షాపు విషయంలో ఇదే అంది. షాపులో ఉంటూ, లీజు వదులుకోకుండా, అద్దె మాత్రం ఆపుతానంటే కుదరదంది.

తెలంగాణలో అద్దె మూడు నెలలు అడగొద్దన్నారు కదా అని మీరు రాశారు. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం చెప్పింది ఇళ్ల అద్దెల గురించి. అది కూడా మాఫీ కాదు, తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోమని.

ఇప్పుడు మీ అగ్రిమెంటు బయటికి తీయండి. స్టాంపు పేపరు వెనక పేజీల్లో 'దైవికం' అనో 'ప్రభుత్వ ఆంక్షలు' అనో ఏదైనా క్లాజు ఉందా? ఉంటే అదే మీ బలం, ఎందుకంటే మీ ఇద్దరూ రాసుకున్న మాటే ముందు చెల్లుతుంది. లేకపోతే గడువు సంగతి చూడాలి. అద్దె బాకీకి దావా వేసే గడువు మూడేళ్లు. కరోనా మినహాయింపు కలిపినా 2025 ఫిబ్రవరి ఆఖరుతో అది తీరిపోయింది. కానీ దావా వేసే గడువు పోయినంత మాత్రాన బాకీ పోదు. చేతిలో ఉన్న అడ్వాన్సులోంచి మినహాయించుకోవడం వేరే సంగతి. అందుకే నా సలహా, కోర్టు మెట్లెక్కకుండా ఇద్దరూ కూర్చుని ఒక నెల అద్దెకు తెంచుకోండి. తెంచుకున్నాక "లెక్కలన్నీ తీరిపోయాయి" అని రెండు సంతకాలతో కాగితం రాసుకోవడం మరవకండి. కొత్త షాపు అగ్రిమెంటులో ఈసారి 'అంటువ్యాధి, ప్రభుత్వం మూయించిన రోజులు' అని పేరు పెట్టి ఒక వాక్యం వేయించుకోండి.

టీకా వేసుకోకపోతే ఉద్యోగంలోకి రావద్దని మా కంపెనీ అప్పట్లో అంది. అది సరైనదేనా? – విశాఖపట్నం

ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని, శరీరం మీద హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని 2022 మే 2న జేకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజారోగ్యం కోసం ఆంక్షలు పెట్టొచ్చు గానీ, అవి ముప్పుకు తగ్గ మోతాదులో ఉండాలి. మీ ఒప్పంద పత్రంలో ఏముందో పంపితే విడిగా జవాబిస్తాను.

మా వియ్యంకులది ఆలంపూర్ దగ్గర. 2021 మేలో పుల్లూరు టోల్‌గేటు దగ్గర అంబులెన్సులు ఆగిపోవడం కళ్లారా చూశాం. మళ్లీ అలా రాష్ట్రాల మధ్య రోగుల్ని ఆపొచ్చా? – కర్నూలు

మీ ఉత్తరం చదివి కాసేపు కళ్లజోడు తీసి కూర్చున్నాను. తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ వైపు పుల్లూరు. మనకు పెద్ద జబ్బు చేస్తే హైదరాబాదే దిక్కు. ఆ వారం నాకు రాత్రి ఒంటిగంటకు, రెండింటికి ఫోన్లు వచ్చేవి. "బెడ్డు ఉందని ఆసుపత్రి వాళ్లు వాట్సాప్‌లో పెట్టారమ్మా, అది చూపిస్తే చాలా?" అని ఒకాయన అడిగాడు. వెనక ఆక్సిజన్ సిలిండరు బుసబుస వినిపిస్తోంది. ఏం చెప్పాలో తెలియలేదు.

చట్టం ఏమంటుందో ఆ వారంలోనే తేలింది. రోగిని తీసుకొచ్చేముందు ఆసుపత్రి ఒప్పుకోలు, కంట్రోల్ రూమ్ అనుమతి ఉండాలని తెలంగాణ ప్రభుత్వం మే 11న సర్క్యులర్ ఇచ్చింది. మే 14న తెలంగాణ హైకోర్టు, ప్రధాన న్యాయమూర్తి హిమా కోహ్లీ ధర్మాసనం, దాని మీద స్టే ఇచ్చింది. కంట్రోల్ రూమ్ పెట్టి సాయం చేయొచ్చు, సలహా ఇవ్వొచ్చు, కానీ అనుమతి లేదని రోగిని సరిహద్దులో ఆపకూడదంది. దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు, ప్రాణాన్ని కాపాడుకునే హక్కు రోగం వచ్చిందని పోవు.

రాష్ట్రాలకు అధికారం లేదని కాదు. 1897లో బొంబాయి ప్లేగు కోసం బ్రిటిష్‌వాళ్లు హడావిడిగా చేసిన అంటువ్యాధుల చట్టం ఇప్పటికీ ఉంది. అప్పుడది నాలుగే సెక్షన్లు. ప్రభుత్వం ఏం చేయొచ్చో ఉంది గానీ, పౌరుడికి ఏ హక్కులున్నాయో ఒక్క వాక్యం లేదు. 2020లో సవరించి డాక్టర్లు, నర్సుల మీద దాడి చేస్తే ఐదేళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు పెట్టారు. అది మంచి పనే, ఆ రోజుల్లో నర్సమ్మల్ని అద్దె ఇళ్లలోంచి పొమ్మన్న సంగతి మనం మరిచిపోకూడదు. ఇక లాక్‌డౌన్ వచ్చింది 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద, అంటే సునామీ తర్వాత చేసుకున్న చట్టం కింద. దాని 51వ సెక్షన్ ప్రకారం ఆదేశం పాటించకపోతే ఏడాది దాకా జైలు. ఇంత అధికారం ఉన్నచోట కాగితం అడిగే అలవాటు మనకు ఉండాలి. రేపు ఎవరైనా ఆపితే గొడవపడకండి. ఉత్తర్వు నంబరు, తేదీ అడిగి, ఫోన్లో ఫొటో తీసుకుని, కలెక్టరేట్‌కు గానీ వకీలుకు గానీ ఆ ఫొటో పంపండి. ఆ సర్క్యులర్ చేతిలో ఉండబట్టే మూడు రోజుల్లో కోర్టులో ఆగింది.

మా ఆయన 2021 మే నెలలో కరోనాతో పోయారు. 50 వేలు ఇస్తారని అప్పుడు నాకు తెలియదు. చావు సర్టిఫికెట్‌లో 'గుండె ఆగి' అని ఉంది. ఇప్పుడు అడగొచ్చా? – ఒక సోదరి, ఆదోని

అడగండమ్మా. అది దయ కాదు. విపత్తులో చనిపోయినవారి కుటుంబాలకు సాయం చేయాలని విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. సుప్రీంకోర్టు 2021 జూన్ 30న గట్టిగా చెప్పాకే ఈ 50 వేలు వచ్చాయి. సర్టిఫికెట్‌లో కరోనా అని లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని కూడా కోర్టు అంది. పరీక్షలో పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు మరణం జరిగిందని చూపించాలి. 2022 మార్చి 20కి ముందు పోయినవారికి అర్జీ గడువు అదే ఏడాది మేతో ముగిసింది. అయితే నిజంగా ఇబ్బంది ఉండి రాలేకపోయినవాళ్లు జిల్లా గ్రీవెన్స్ కమిటీ ముందు చెప్పుకోవచ్చని కోర్టే దారి ఉంచింది. ఇన్నేళ్ల ఆలస్యానికి ఒప్పుకుంటారని నేను మాట ఇవ్వలేను, కానీ అడగకుండా వదలొద్దు. ఎందుకు ఆలస్యమైందో, మీకు ఎప్పుడు తెలిసిందో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఏజెంటు ఎవరైనా దొంగ రిపోర్టు ఇప్పిస్తానంటే దగ్గరికి రానివ్వకండి, అబద్ధపు క్లెయిముకు రెండేళ్ల దాకా జైలు ఉంది.

పరీక్ష రిపోర్టు పోయిందని రాశారు. ఆ రోజుల్లో శాంపిల్ ఇచ్చినప్పుడు ఫోనుకు ఎస్‌ఆర్‌ఎఫ్ ఐడీతో, అంటే ఆ శాంపిల్ ఫారం నంబరుతో, ఒక మెసేజ్ వచ్చేది. మీ ఆయన పాత ఫోను పనిచేయక బీరువాలో పెట్టానన్నారు కదా. దాన్ని రిపేరుకు ఇచ్చేటప్పుడు మెసేజ్‌లు తుడవొద్దని చెప్పండి. సిమ్ పారేయకండి. ఆ మెసేజ్ దొరికితే ప్రింటు తీయించి, మరణ ధ్రువపత్రం, ఆసుపత్రి బిల్లులు, మీ బ్యాంకు పాస్‌బుక్కు జెరాక్స్ జత చేసి కలెక్టర్ ఆఫీసులో ఇవ్వండి. ఇచ్చాక రసీదు తీసుకునే బయటికి రండి.